ఐసొలేటర్ కొనే ముందు ఒకవైపు కరెంటు తీసి చూడు

జమ్మికుంట తమ్ముడు అడిగింది ఇదీ. రైస్ మిల్లులో 22 కిలోవాట్ల డ్రైవ్ (మోటారు వేగాన్ని నడిపించే పెట్టె), దాని కంట్రోల్ బోర్డు మీద పదహారు కాళ్ళ ఐసొలేటర్ చిప్ (కంట్రోల్ వైపు, పవర్ వైపు కరెంట్లు కలవకుండా విడదీసి సిగ్నల్ మాత్రం దాటించేది) ఏడీయూఎం1401 ఏఆర్‌డబ్ల్యూ ఖరాబైంది, అసలు చిప్ రావడానికి వారాలు పడుతుందంటున్నారు, మిల్లు సేటు పొద్దున ఒకసారి సాయంత్రం ఒకసారి ఫోన్ చేస్తున్నాడు. కోఠిలో దుకాణం అతను ఎస్‌ఐ8641 బీబీ చేతిలో పెట్టి "కాళ్ళు సేమ్, స్పీడు దీనికంటే ఎక్కువ, వేసెయ్" అన్నాడట. వేయమంటావా అన్నా, అని.

వేయకు తమ్మీ. చిప్ మంచిదే, కాళ్ళు కూడా ఒకటికొకటి సరిపోతాయి, దుకాణం అతను అబద్ధం చెప్పలేదు. తేడా అంతా చివరి ఆ 'బీబీ' లోనే ఉంది. నీ బోర్డుకు కావలసింది 'ఈడీ' అని రాసి ఉన్నది. ఎందుకో చెప్తాను, కొంచెం పొడుగవుతుంది, ఎందుకంటే ఇదే తప్పు నేను చేసి నా జేబులోంచి పైసలు కట్టాను.

నాలుగైదేళ్ళ కింద పరకాల వైపు ఒక జిన్నింగ్ మిల్లు. దూదిని లాగే పెద్ద బ్లోవర్‌కు డ్రైవ్ పెట్టారు, ఆపమంటే ఐదు నిమిషాలు తిరుగుతూనే ఉంటుందని దానికి బ్రేక్ రెసిస్టర్ (ఆపేటప్పుడు మోటారు నుంచి వెనక్కి వచ్చే కరెంటును వేడిగా కాల్చేసేది) కూడా తగిలించారు. బోర్డులో ఏడీయూఎం1401 పోయింది. నా దగ్గర డబ్బాలో ఎస్‌ఐ8641 బీబీ ఉంది, వేశాను. బెంచి మీద అంతా బ్రహ్మాండంగా నడిచింది, స్కోప్‌లో పల్సులు చక్కగా వచ్చాయి, తీసుకెళ్ళి బిగించి వచ్చాను. వారం పది రోజులకు రాత్రి పదకొండు దాటాక ఫోన్: "సార్, రెసిస్టర్ పెట్టె ఎర్రగా కాలుతున్నది". పత్తి సీజన్, చుట్టూ దూది, గాలిలో కూడా దూదే. నైట్ షిఫ్టులో ఉన్న పిల్లగాడు ఎవరో చూసి మెయిన్ దించేశాడు కాబట్టి సరిపోయింది, లేకపోతే ఈ జవాబు రాయడానికి నాకు మొహం ఉండేది కాదు.

ఏం జరిగిందంటే, ఆ బోర్డులో బ్రేక్ ఐజీబీటీకి (రెసిస్టర్‌ను కలిపే ఎలక్ట్రానిక్ స్విచ్చికి) వెళ్ళే లైను 'లో' (సున్నా వోల్టుల దగ్గర) అయితే ఆన్, 'హై' (సప్లై దగ్గర) అయితే ఆఫ్. కంట్రోల్ వైపు 5 వోల్టుల సప్లై నీరసపడి, వచ్చి పోతూ, చివరకు పూర్తిగా పడిపోయింది. పవర్ వైపు సప్లై మాత్రం బాగానే ఉంది. ఇటువైపు చచ్చిపోయినప్పుడు అటువైపు ఔట్‌పుట్ ఎలా ఉండాలి అన్నది ఒక్కో చిప్‌లో ఒక్కోలా ఉంటుంది. పాత ఏడీయూఎం1401 అయితే హై కి వెళ్ళి కూర్చుంటుంది, అంటే బ్రేక్ ఆఫ్, ఎవరికీ ఏమీ కాదు. నేను వేసిన బీబీ మాత్రం 'లో' కి వెళ్ళి కూర్చుంది, అంటే బ్రేక్ ఫుల్ ఆన్. 415 వోల్టుల త్రీఫేజ్‌ను డీసీ చేస్తే బస్ (డ్రైవ్ లోపలి డీసీ లైను) మీద దాదాపు 587 వోల్టులు. రెసిస్టర్ 40 ఓములు. లెక్క వేసుకో, 8.6 కిలోవాట్లు. పెట్టె మీద రాసింది 1 కిలోవాట్. అది ఎప్పుడో ఒకసారి రెండు మూడు సెకన్లు పని చేయడానికి పెట్టింది, పొయ్యిలా మండడానికి కాదు.

మరి బెంచి మీద ఎందుకు దొరకలేదు? రెండు వైపులకూ ఒకే బెంచి సప్లై ఇచ్చాను గనక. రెండు వైపులూ ఒకేసారి లేస్తే, ఒకేసారి పడుకుంటే ఈ తేడా ఎన్నటికీ కనపడదు.

అందుకే ఐసొలేటర్ మార్చాలంటే నేను మొదట అడిగేది స్పీడు కాదు, కిలోవోల్టులు కాదు. ఇన్‌పుట్ వైపు కరెంటు పోతే ఔట్‌పుట్ ఎటు పోతుంది? డేటాషీట్‌లో దీన్ని డిఫాల్ట్ ఔట్‌పుట్ అనో ఫెయిల్‌సేఫ్ అనో రాస్తారు, మొదటి పేజీలో ఒక లైను, లోపల ట్రూత్ టేబుల్‌లో ఒక వరుస, అంతే. చాలామంది ఆ వరుస దాటేసి పోతారు.

కంపెనీల వారీగా గుర్తు పెట్టుకోవాల్సింది ఇంతే. అనలాగ్ డివైసెస్ పాత ఏడీయూఎం1400, 1401, 1402 మూడూ డిఫాల్ట్ హై. వాళ్ళవే కొత్తవి ఏడీయూఎం140ఈ, 141ఈ, 142ఈ అని ఉన్నాయి, వాటి వెనక 1 ఉంటే హై, 0 ఉంటే లో, అంటే 1401 స్థానంలో 141ఈ1 వేయాలి, 141ఈ0 కాదు. టెక్సస్ వాళ్ళ ఐఎస్‌ఓ7741 మామూలుది హై, చివర 'ఎఫ్' తగిలితే లో. సిలికాన్ ల్యాబ్స్ ఎస్‌ఐ86 వరుసలో అంకెల తర్వాత మొదటి అక్షరం చూడు: ఏ, బీ అయితే లో, డీ, ఈ అయితే హై. రెండో అక్షరం ఐసొలేషన్ రేటింగ్, బీ అంటే 2.5 కిలోవోల్టులు, సీ అంటే 3.75, డీ అంటే 5. కాబట్టి బీబీ అంటే లో, 2.5 కిలోవోల్టులు. ఈడీ అంటే హై, 5 కిలోవోల్టులు. ఈ సిలికాన్ ల్యాబ్స్ విభాగం 2021లో స్కైవర్క్స్‌కు అమ్ముడైంది, ఆన్‌లైన్‌లో పాత కంపెనీ పేరుతో వెతికి దొరకడం లేదని కంగారు పడకు, స్కైవర్క్స్ కింద చూడు. చైనా కంపెనీలవి కూడా ఇప్పుడు బాగా వస్తున్నాయి, నోవోసెన్స్ ఎన్‌ఎస్‌ఐ8141 చివర 0 అయితే 'లో', 1 అయితే హై. చిప్‌అనలాగ్ సీఏ-ఐఎస్3741 చివర 'ఎల్' అయితే 'లో', 'హెచ్' అయితే హై. నేను ఈ రెండూ వేశాను, ఇప్పటిదాకా తిరిగి రాలేదు. చైనాది అనగానే ముఖం తిప్పుకోనక్కర్లేదు, నమ్మకమైన దుకాణంలో కొను, అంతే.

"అన్నా, బీబీ యే వేసి ఔట్‌పుట్‌కు ఒక పుల్-అప్ రెసిస్టర్ (కాలును సప్లై వైపు లాగేది) పెడితే హై అయిపోదా" అని అడుగుతావని తెలుసు, నేనూ అదే అనుకున్నాను. అవ్వదు. ఔట్‌పుట్ వైపు సప్లై బతికే ఉంది కాబట్టి చిప్ ఆ కాలును గట్టిగా కిందికి లాగి పట్టుకుంటుంది, 10 కిలో ఓముల రెసిస్టర్ దాన్ని ఏం పైకి లేపుతుంది? పుల్-అప్ పని చేసేది ఎనేబుల్ కాలు (ఔట్‌పుట్‌ను ఆన్, ఆఫ్ చేసేది) ఆపినప్పుడు మాత్రమే.

అలాగని డిఫాల్ట్ హై యే అన్ని చోట్లా మంచిదని అనుకోకు. నీ లైను హై అయితే ఆన్ అయ్యే రకమైతే అప్పుడు బీబీ యే సరైనది. ప్రతి లైనునూ అవతల ఎక్కడికి పోతోందో చూడాలి. పవర్ వైపు నుంచి కంట్రోల్ వైపుకు తిరిగి వచ్చే ఫాల్ట్ లైను (తప్పు జరిగిందని చెప్పేది) సంగతి ఇంకో తీరు: కొన్ని డ్రైవుల్లో కంట్రోల్ బోర్డుకు బయటి నుంచి 24 వోల్టులు ఇస్తారు, మెయిన్ లేకున్నా డిస్‌ప్లే వెలుగుతుంది. అలాంటి దాంట్లో పవర్ వైపు చచ్చి ఉన్నంతసేపూ డిఫాల్ట్ లో చిప్ ఫాల్ట్ లైనును కిందికి లాగుతుంది, డిస్‌ప్లే మీద ఫాల్ట్ పడి లాచ్ అయి కూర్చుంటుంది. నువ్వు ఐజీబీటీ పోయిందనుకుని రెండు రోజులు దాన్ని విప్పుతూ బిగిస్తూ ఉంటావు.

ఇంతకీ నీ చిప్ నిజంగా పోయిందా? ఇది మొదటే అడగాల్సింది. నా దగ్గరికి "ఐసొలేటర్ పోయింది" అని వచ్చిన బోర్డుల్లో ఎక్కువ వాటిల్లో ఐసొలేటర్ బాగానే ఉంటుంది, దానికి అవతలి వైపు సప్లై ఇచ్చే చిన్న డీసీ-డీసీ మాడ్యూల్ పోయి ఉంటుంది. ఆ నల్లటి నాలుగు కాళ్ళ బిళ్ళ, 1 వాట్ ది, 5 వోల్టులు లోపలికి 5 వోల్టులు బయటికి. దాని ఔట్‌పుట్ కెపాసిటర్ ఎండిపోతే వోల్టేజ్ దిగుతుంది, ఏడీయూఎం1401 కు కనీసం 2.7 వోల్టులు కావాలి, అంతకంటే దిగితే చిప్ చేతులెత్తేస్తుంది, చిప్ తప్పేం లేదు. ఒకటో కాలుకూ రెండో కాలుకూ మధ్య, పదహారో కాలుకూ పదిహేనో కాలుకూ మధ్య విడివిడిగా కొలువు. మీటరు నల్ల తీగను రెండుసార్లు మార్చాలి, ఒకే గ్రౌండ్ మీద పెట్టి రెండు వైపులూ కొలిస్తే వచ్చేది చెత్త అంకె. ఇంకో మాట, చాలా డ్రైవుల్లో పవర్ వైపు గ్రౌండ్ అంటే డీసీ బస్ మైనస్, మెయిన్ ఆన్‌లో ఉండగా అక్కడ మామూలు స్కోప్ గ్రౌండ్ క్లిప్పు తగిలించావంటే స్కోప్, బోర్డు, నువ్వు, అందరూ ఒకేసారి పోతారు. మెయిన్ తీసేసి, బస్ కెపాసిటర్లు దిగాక, బయటి సప్లై ఇచ్చి చూడు.

డిఫాల్ట్ సరిపోయింది, చిప్ పోయిందని తేలింది అనుకుందాం. ఆ తర్వాత నన్ను బాగా ఏడిపించింది ఇన్‌పుట్ వోల్టేజ్. దీని గురించి ఎవరూ చెప్పరు. నీ బోర్డులో ప్రాసెసర్ 3.3 వోల్టులది, కానీ ఐసొలేటర్ ఒకటో కాలుకు 5 వోల్టులు ఇచ్చారనుకో. పాత ఏడీయూఎం1401 కు 5 వోల్టుల మీద కూడా 2 వోల్టులు దాటితే హై అన్నట్టే, 3.3 హాయిగా సరిపోతుంది. ఎస్‌ఐ86 వరుస కూడా అంతే, 2 వోల్టులు చాలు. కానీ ఐఎస్‌ఓ7741 కు ఖాయంగా హై అనిపించుకోవాలంటే సప్లైలో 70 శాతం కావాలి, అంటే 5 వోల్టుల మీద 3.5. నీ ప్రాసెసర్ ఇచ్చేదే 3.3. కొత్త ఏడీయూఎం141ఈ కూడా ఈ 70 శాతం రకమే. చలికాలంలో బెంచి మీద నడుస్తుంది, ఎందుకంటే నిజంగా మారే చోటు 60 శాతం దగ్గర, 3 వోల్టుల చుట్టూ ఉంటుంది. మే నెలలో రేకుల షెడ్డు కింద, ప్యానెల్ లోపల, డ్రైవ్ వేడికి వేడి తోడై, సప్లై 5.2 కు పోయి, ప్రాసెసర్ ఔట్‌పుట్ 3.1 కు దిగి, అప్పుడప్పుడూ పల్సు మింగడం మొదలవుతుంది. "అప్పుడప్పుడూ" వచ్చే కంప్లయింట్ అంత టెన్షన్ ఇంకేదీ పెట్టదు. సుల్తానాబాద్‌లో ఒక మిల్లుకు ఇదొక్కదాని కోసం నాలుగుసార్లు బండి వేసుకుని పోయి వచ్చాను. ఒకటో కాలు సప్లై ఎంత, మూడో కాలు మీద హై ఎంత, రెండూ కొలిచాకే ఐఎస్‌ఓ7741 వేయాలా ఎస్‌ఐ8641 ఈడీ వేయాలా తేల్చుకో. రెండూ 3.3 అయితే ఏదైనా ఒకటే.

దిశ గురించి నీకు చెప్పనక్కర్లేదనుకుంటాను, అయినా చెప్తాను. 1400 అంటే నాలుగూ ఒకే వైపు, 1401 అంటే మూడు అటు ఒకటి ఇటు, 1402 అంటే రెండు అటు రెండు ఇటు. టెక్సస్ 7740, 7741, 7742 కూడా, ఎస్‌ఐ 8640, 8641, 8642 కూడా అదే వరుస, చివరి అంకె చూస్తే చాలు. 1401 చోట 1400 వేస్తే ఆరో కాలు, పదకొండో కాలు తలకిందులవుతాయి, పదకొండు దగ్గర రెండు ఔట్‌పుట్లు ఎదురెదురుగా కొట్టుకుంటాయి, ఏదో ఒకటి వేడెక్కి పోతుంది. ఎనిమిది కాళ్ళ రెండు ఛానెళ్ళ చిప్పుల్లో ఇంకా జాగ్రత్త, ఒకటి అటు ఒకటి ఇటు అన్న రకంలోనే రెండు తీర్లు ఉంటాయి, ఎస్‌ఐ8621, ఎస్‌ఐ8622 ఒకదానికొకటి అద్దంలో బొమ్మలు. రెండో కాలు ఇన్‌పుటా ఔట్‌పుటా అని చూడకుండా వేయకూడదు.

ఏడో కాలు, పదో కాలు ఎనేబుల్. గాలిలో వదిలేసినా చిప్ ఆన్ అయ్యే ఉంటుంది, మూడు కంపెనీలవీ అంతే, కాబట్టి మార్చినప్పుడు ఇబ్బంది రాదు. కానీ డ్రైవ్ లాంటి గోల ఉన్న చోట వదిలేయడం మంచిది కాదు, సప్లైకి కట్టెయ్యమని ఏడీయూఎం డేటాషీట్ కూడా చెబుతుంది.

స్పీడు. ఏఆర్‌డబ్ల్యూ లో 'ఏ' అంటే 1 ఎంబీపీఎస్ (సెకనుకు పది లక్షల బిట్లు), 'బీ' 10, 'సీ' 90. కొత్తవి చాలావరకు 100, 150. ఎక్కువ స్పీడు అంటే మంచిది అనే లెక్క ఇక్కడ సాగదు. నీ బోర్డులో నడిచేది కొన్ని కిలోహెర్ట్జ్‌ల పల్సులు, బ్రేక్, రిలే. దానికి 1 ఎంబీపీఎస్ ధారాళం. వేగమైన చిప్ కొన్ని నానోసెకన్ల స్పైకును కూడా నిజమైన సిగ్నల్ అనుకుని బుద్ధిగా అటు పంపిస్తుంది. అలా అనిపిస్తే ఇన్‌పుట్ దగ్గర 1 కిలో ఓము, 100 పీకోఫారడ్ పెట్టు, 100 నానోసెకన్ల దాకా నున్నగా అవుతుంది, ఈ లైన్లకు ఏ నష్టమూ లేదు. ఎస్‌పీఐ (చిప్పుల మధ్య డేటా నడిచే) లైన్ల మీద మాత్రం ఈ పని చేయకు, అక్కడ క్లాక్ సిగ్నల్ అటు పోయి డేటా ఇటు తిరిగి వచ్చేసరికి రెండు ఆలస్యాలు కలుస్తాయి, 'ఏ' గ్రేడు లో ఒక్కోటి 100 నానోసెకన్ల దాకా ఉండొచ్చు, అక్కడ నిజంగానే వేగమైన చిప్ కావాలి.

ఐసొలేషన్ కిలోవోల్టులు పాతదానికి సమానంగానో ఎక్కువగానో ఉండాలి, తగ్గకూడదు, ఇది అందరికీ తెలుసు. 2.5 కిలోవోల్టులు అంటే ఒక్క నిమిషం తట్టుకునే పరీక్ష, రోజంతా ఆ వోల్టేజ్ మీద కూర్చోవచ్చని కాదు, రోజూ తట్టుకునేది డేటాషీట్‌లో వర్కింగ్ వోల్టేజ్ అని వేరే ఉంటుంది. అందరికీ తెలియంది, తెలిసినా పట్టించుకోనిది, చిప్ వెడల్పు. నీది వైడ్ బాడీ, రెండు వరుసల కాళ్ళ మధ్య ప్లాస్టిక్ మీదుగా దాదాపు 8 మిల్లీమీటర్లు. సన్న చిప్‌లో దాదాపు 4. సన్నది చౌకగా దొరికిందని కాళ్ళకు తీగలు అతికించి, వంచి, చాచి వైడ్ ప్యాడ్ల మీద కూర్చోబెట్టిన బోర్డులు నా దగ్గరికి వచ్చాయి. పని చేస్తాయి. వానాకాలం వచ్చి, దుమ్ము తడిసి, దాని మీదుగా కరెంటు దారి చేసుకునేదాకా పని చేస్తాయి. ఎస్‌ఐ8641 లో చివర 'ఐఎస్' అంటే వైడ్, 'ఐఎస్1' అంటే సన్నది, ఆర్డర్ పెట్టేటప్పుడు ఆ చివరి 1 చూసుకో.

వైడ్ చిప్ వేసి కూడా పాడు చేయొచ్చు. హాట్ ఎయిర్‌తో తీసి, పేస్టు దండిగా రాసి, కొత్తది పెట్టాక దాని పొట్ట కింద ఫ్లక్స్ అలాగే మిగిలిపోతుంది. పైకి బోర్డు తళతళ మెరుస్తుంటుంది. చిప్ కింద చిన్న బ్రష్‌తో ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) పోసి రెండు వైపుల నుంచీ కడిగి, గాలి కొట్టి, ఆరబెట్టి, అప్పుడు కోటింగ్ వేయాలి. మా షాపులో పిల్లలకు నేను చెప్పేది, చిప్ కిందికి కాగితం ముక్క దూర్చి లాగు, పసుపు మరక వస్తే మళ్ళీ కడుగు అని. ఇటు రైస్ మిల్లుల్లో తౌడు దుమ్ము, ఎనుమాముల చుట్టుపక్కల పత్తి నుసి, కరీంనగర్‌లో గ్రానైట్ బురద, జిగురు ఎక్కడుంటే అక్కడ ఇవి అంటుకుంటాయి. రెండు వైపులా సప్లై కాళ్ళ పక్కనే 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఉందో లేదో చూడు, తీసేటప్పుడు గాలికి ఎగిరిపోయి ఉంటుంది, చాలాసార్లు అది నేల మీద దొరుకుతుంది.

కాళ్ళు పదహారు ఉన్నాయని అన్నీ ఒకటే అనుకోకు. ఏడీయూఎం5401 చూడ్డానికి ఇలాగే ఉంటుంది, కానీ దాని పొట్టలో అర వాటు డీసీ-డీసీ కూడా ఉంది, అవతలి వైపు సప్లై అదే ఇస్తుంది. దాని చోట 1401 వేస్తే అవతల కరెంటే ఉండదు. ఆర్ఎస్-485 (దూరం తీగల మీద డేటా పంపే పద్ధతి) చిప్పుల్లో ఏడీఎం2587ఈ పొట్టలో కూడా డీసీ-డీసీ ఉంటుంది. ఏడీయూఎం1250 అంటే ఐస్క్వేర్‌సీ కి, రెండు దిక్కులా నడిచే లైను, మామూలు ఐసొలేటర్ అక్కడ పనికిరాదు, ఐఎస్‌ఓ1540 చూసుకో. ఇక ఆప్టోకప్లర్ (వెలుగుతో సిగ్నల్ దాటించే పాత రకం) తీసి ఐసొలేటర్ వేద్దామనే ఆలోచన, 6ఎన్137 మీద, అప్పుడప్పుడూ చూస్తుంటాను. 6ఎన్137 ఇన్‌పుట్ ఒక ఎల్‌ఈడీ, దానికి ఇవతల సప్లై అక్కర్లేదు, సిగ్నల్ కూడా తలకిందులు చేస్తుంది. ఐసొలేటర్‌కు ఇవతల సప్లై కావాలి, తలకిందులు చేయదు. ఎల్‌ఈడీ ముసలిదై వెలుగు తగ్గడం ఒక్కటే బాధ అయితే టెక్సస్ ఐఎస్‌ఓఎం8710 లాంటి ఆప్టో బదులు చిప్పులే ఉన్నాయి, కాళ్ళు సరిపోతాయో లేదో మాత్రం చూసుకో. అన్నట్టు, ఈ డిఫాల్ట్ హై పద్ధతి ఆప్టో రోజుల నుంచే వచ్చిందని నా అంచనా. 6ఎన్137 లో ఎల్‌ఈడీ ఆరిపోతే ఔట్‌పుట్ హై కి పోతుంది కాబట్టి బోర్డులు గీసినవాళ్ళు హై అంటే ఆఫ్ అని అలవాటు పడిపోయారు.

ఇక పరీక్ష. డేటాషీట్ చదివే ఓపిక లేకున్నా ఇది చేయి, దీనికి పావుగంట చాలు, పెద్ద ఖర్చూ కాదు. వైడ్ పదహారు కాళ్ళ అడాప్టర్ బోర్డు మీద చిప్‌ను అతికించు. మూడు పెన్ను సెల్లుల హోల్డర్లు రెండు తీసుకో, ఒక్కోటి 4.5 వోల్టులు. ఒకటి ఒకటో కాలుకు ప్లస్, రెండో, ఎనిమిదో కాళ్ళకు మైనస్. రెండోది పదహారుకు ప్లస్, తొమ్మిది, పదిహేనుకు మైనస్. రెండు మైనస్‌లూ ఒకదానికొకటి తగలకూడదు. ఇన్‌పుట్ కాళ్ళు 3, 4, 5 వాటి మైనస్‌కు, 11 దాని మైనస్‌కు కట్టు. పద్నాలుగో కాలు నుంచి 1 కిలో ఓము, ఒక ఎర్ర ఎల్‌ఈడీ, మైనస్‌కు. ఇప్పుడు ఇన్‌పుట్ 'లో' గా ఉంది కాబట్టి ఎల్‌ఈడీ ఆరి ఉండాలి. మొదటి హోల్డర్ నుంచి ఒక సెల్ పీకు. అసలు ఏడీయూఎం1401 అయితే ఎల్‌ఈడీ టక్కున వెలుగుతుంది. బీబీ అయితే ఆరే ఉంటుంది. అంతే, ఇంకేమీ చూడనక్కర్లేదు.

ఇన్‌పుట్‌ను మైనస్‌కే ఎందుకు కట్టమన్నానంటే, దానికి ఎక్కడి నుంచైనా హై ఇచ్చి ఉంచి సప్లై పీకితే ఆ ఇన్‌పుట్ కాలు లోపలి డయోడ్ గుండా చిప్‌కే కరెంటు ఎక్కి, అది చావకుండా సగం ప్రాణంతో నడుస్తూ నిన్ను మోసం చేస్తుంది. బోర్డు మీద కూడా ఇది జరుగుతుంది, బోర్డు మీదే పరీక్ష చేసి "అన్నా, నాకు వేరేగా వచ్చింది" అనకు.

ఈ పరీక్షతోనే నకిలీ కూడా దొరుకుతుంది. పాతవి విప్పి, పైన గీకి, కొత్త పేరు కొట్టి అమ్మేవి లూజులో తిరుగుతున్నాయి. అసిటోన్ దూదితో తుడిస్తే అక్షరాలు లేచిపోవడం, ఒకటో కాలు గుంట నిండిపోయి ఉండడం, అవన్నీ సరే, మంచి నకిలీ వాటన్నిటినీ దాటేస్తుంది. ఏడీయూఎం1401 అని రాసి ఉండి, సెల్ పీకితే ఎల్‌ఈడీ వెలగలేదంటే లోపల ఉన్నది వేరే ఏదో. మొన్న పది తెప్పిస్తే అందులో నాలుగు అలా తేలాయి, తిరిగి ఇచ్చేశాను, దుకాణం అతను మంచివాడు, మారు మాట్లాడకుండా తీసుకున్నాడు.

నీ బోర్డు విషయానికి వస్తే, మూడు అటు పోయే లైన్లలో ఏది ఎక్కడికి పోతోందో ముందు గీసుకో, పద్నాలుగు, పదమూడు, పన్నెండు నుంచి ట్రేస్ పట్టుకుని గేట్ డ్రైవర్ (ఐజీబీటీని నడిపే చిప్) దాకా వెళ్ళు. ఒక్కటైనా 'లో' అయితే ఆన్ అయ్యేది ఉంటే ఎస్‌ఐ8641 ఈడీ, చివర ఐఎస్, అదే తెప్పించు. అది దొరక్కపోతే ఒకటో కాలు, మూడో కాలు కొలిచి, 70 శాతం సరిపోతే ఐఎస్‌ఓ7741, ఎఫ్ లేనిది, 'డీడబ్ల్యూ' ప్యాకేజీ. బిగించాక మోటారు తీగలు విప్పి, బ్రేక్ రెసిస్టర్ చోట 200 వాట్ల బల్బులు మూడు సిరీస్‌లో పెట్టి, డ్రైవ్ ఆన్ చేసి, ఆఫ్ చేసి, ఐదారుసార్లు చూడు. ఆన్ చేసేటప్పుడు గానీ ఆపేటప్పుడు గానీ బల్బు ఒక్క క్షణం మిణుక్కుమన్నా బోర్డు విప్పి మళ్ళీ వెతుకు. ఆ బీబీ ని పారేయకు, సిరిసిల్ల మరమగ్గాల కార్డులు కొన్ని లైను హై అయితే ఆన్ అయ్యే రకం ఉన్నాయి, వాటిల్లో పనికొస్తుంది, డబ్బా మీద మాత్రం 'లో' అని మార్కర్‌తో పెద్దగా రాసి పెట్టు.